జయరావు మానేసిన తేదీ

చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో జయరావు పద్నాలుగేళ్ళు పనిచేశాడు. చివరి రెండేళ్ళూ దగ్గుతూనే మిషను దగ్గర నిలబడ్డాడు. ఒక మంగళవారం షిఫ్టు చేసి వచ్చి పడుకున్నాడు, బుధవారం లేవలేకపోయాడు, శనివారం ఒంగోలు పెద్దాసుపత్రిలో చనిపోయాడు. యాభై ఒక్కేళ్ళ మనిషి. కూతురు లిడియాకి అప్పుడు ఇరవై రెండు. బీకాం అయిపోయి, బ్యాంకు కోచింగుకి వెళ్ళడమా, బీఎడ్ చేయడమా అని ఆలోచిస్తున్న రోజులు.

పి.ఎఫ్. ఉన్న మనిషి పోతే భార్యకి పింఛను వస్తుందని జయరావు భార్య ఎలీసమ్మకి చర్చిలో ఎవరో చెప్పారు. తల్లీకూతుళ్ళు కాగితాలు పట్టుకుని యూనిట్‌కి వెళ్తే, ఆ సంగతులన్నీ ఒంగోలులో కన్సల్టెంటు చూస్తాడని పంపేశారు. ఆ కన్సల్టెంటు పేరు చైతన్యకృష్ణ. గ్రానైట్ యూనిట్లు, జిన్నింగ్ మిల్లులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు, ఎన్నిటికో ఆయనే పి.ఎఫ్. లెక్కలు రాస్తాడు.

ఆయన కంప్యూటర్ని వీళ్ళ వైపు తిప్పాడు.

"మీ ఆయన చనిపోవడానికి నాలుగు నెలల ముందే పని మానేశాడమ్మా. ఇదిగో తేదీ. సర్వీసు కూడా మూడేళ్ళే ఉంది. పింఛను రాదు. కట్టింది ఎంతో కొంత వస్తుంది, సంతకం పెట్టి తీసుకోండి."

"మానేయడమేంటండీ? మంగళారం కూడా పనికెళ్ళొచ్చాడు," అంది ఎలీసమ్మ.

"మీరు చెప్తే సరిపోదమ్మా. రికార్డు చెప్పాలి."

"ఆ రికార్డు రాసింది మీరే కదండీ?" అని లిడియా అడిగింది.

చైతన్యకృష్ణ అప్పుడు మొదటిసారి ఆ పిల్ల వైపు చూశాడు. "ఏం చదివావు?"

"బీకాం."

"చాలదు. ఆ తేదీ గురించి నన్ను నిలదీయాలంటే పి.ఎఫ్. ఆఫీసరై ఉండాలి. పరీక్ష పాసై రా. నేనే లేచి కుర్చీ వేస్తాను."

గదిలో ఉన్న ఇద్దరు గుమస్తాలు నవ్వారు. ఎలీసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూతుర్ని మెట్ల మీదికి లాక్కొచ్చింది. సంతకం మాత్రం పెట్టలేదు.

ఆయన ఎగతాళికి అన్న మాటని లిడియా నిజంగానే తీసుకుంది. ఆ వారంలోనే నెట్ సెంటర్లో కూర్చుని వెతికింది. పి.ఎఫ్. ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసరు పోస్టులకి యూపీఎస్సీ పరీక్ష పెడుతుంది. ఏటా రాదు, ఎప్పుడో వస్తుంది. రెండు గంటల్లో నూట ఇరవై ప్రశ్నలు. తప్పుకి మూడో వంతు మార్కు కోత. ఆ తర్వాత ఢిల్లీలో ఇంటర్వ్యూ.

గుంటూరులో హాస్టల్లో చేరి, ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కాటా దగ్గర చీటీలు రాసే పని చూసుకుంది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతుంటే ఘాటుకి కళ్ళ వెంట నీళ్ళు కారేవి. లారీకీ లారీకీ మధ్య దొరికే పది నిమిషాల్లో పి.ఎఫ్. చట్టం చదివేది. చదివేకొద్దీ నాన్నకి ఏం జరిగిందో అర్థమైంది. కూలీల జీతంలోంచి కోసిన సొమ్ము యూనిట్ వాళ్ళు కట్టకుండా మింగేసినప్పుడల్లా, ఆ నెలల్లో వాళ్ళు పని మానేసినట్టు చూపిస్తారు. తర్వాత కొత్త నంబరుతో మళ్ళీ చేరినట్టు రాస్తారు. అలా పద్నాలుగేళ్ళు ముక్కలై మూడేళ్ళు మిగిలింది. చివరి తేదీ వెనక్కి జరపడంతో, ఉద్యోగంలో ఉండగా చనిపోయిన మనిషి కుటుంబానికి రావలసిన పింఛనూ పోయింది, బీమా కూడా పోయింది.

మిగతా వాళ్ళలా సెక్షన్లు బట్టీ పడితే ఆమెకి గుర్తుండేవి కావు. ప్రతి సెక్షన్‌నీ చైతన్యకృష్ణ మొహానికి తగిలించుకునేది. ఏడు-ఏ అంటే బకాయి తేల్చే విచారణ: ఆయన బోనులో నిలబడ్డట్టు. పద్నాలుగు-బీ అంటే ఆలస్యానికి జరిమానా: ఆయన చెమట తుడుచుకుంటున్నట్టు. చిత్రంగా ఒక్కటీ మర్చిపోలేదు.

కరోనా వల్ల పరీక్ష వాయిదాల మీద వాయిదాలు పడింది. చివరికి జరిగినప్పుడు, తెలియనివి కూడా కసిగా పెట్టేసుకుంటూ పోయింది. కోత మార్కుల్లో కొట్టుకుపోయింది. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం తినలేదు.

"వదిలెయ్యి తల్లీ. క్షమించు," అంది ఎలీసమ్మ. "ఆ మనిషి నీ గుండెల్లో కూర్చుని నిన్నే తింటన్నాడు."

"క్షమించమని ఆయన అడిగాడా అమ్మా? అడగని వాడికి తీసుకెళ్ళి ఇవ్వమంటావా?"

రెండో పరీక్షకి ఇంకో రెండేళ్ళు పట్టింది. ఈసారి తెలియని ముప్పై ప్రశ్నల జోలికి వెళ్ళలేదు. పాసైంది. ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి, ఈ ఉద్యోగమే ఎందుకని అడిగాడు. కార్మికులకి సామాజిక భద్రత అందించాలని ఉందండీ అని చక్కగా చెప్పింది. ఆ జవాబులో ఒక్క ముక్క కూడా నిజం కాదని ఆమెకి తెలుసు. మార్కులు బాగానే వేశారు.

శిక్షణ అయ్యాక గుంటూరులో పోస్టింగు వచ్చింది. తండ్రి పనిచేసిన యూనిట్ ఫైలు ఆమె ముట్టుకోకూడదు. సొంతవాళ్ళ వ్యవహారం కాబట్టి అది వేరే అధికారికి వెళ్ళాలి. ఆ సంగతి చట్టం చదివిన మొదటి ఏడే తెలుసు కనుక లిడియా ఆ ఫైలు మీద ఆశ పెట్టుకోలేదు. చైతన్యకృష్ణకి ఇంకా చాలా ఫైళ్ళున్నాయి. ఎదురుచూసింది.

ఏడు నెలలకి సత్తెనపల్లి దగ్గర ఒక జిన్నింగ్ మిల్లు నుంచి ఫిర్యాదు వచ్చింది. రాయించింది మాబూబీ అనే కార్మికురాలు. తొమ్మిదేళ్ళుగా అక్కడే పత్తి ఏరుతోంది. కూతురి పెళ్ళికి పి.ఎఫ్. తీసుకుందామని చూస్తే, ఆమె ఇప్పటికి నాలుగుసార్లు పని మానేసినట్టు రికార్డులో ఉంది. మిల్లు కన్సల్టెంటు పేరు దగ్గర లిడియా కళ్ళు ఆగిపోయాయి.

పై అధికారి బాపయ్య గారి గదికి వెళ్ళి, దాచకుండా చెప్పింది. "సార్, ఈ కన్సల్టెంటుతో మా ఇంటికి పాత గొడవుంది."

"మిల్లుతో ఉందా?"

"లేదు సార్."

"అయితే వెళ్ళు. నువ్వు చెప్పినట్టు ఫైల్లో రాసి పెడతాను." ఆయన కళ్ళజోడు తీశాడు. "ఒక్క మాటమ్మా. కోపంతో ఒక్క వాక్యం రాసినా లాయరు దాన్ని పట్టుకుని మొత్తం రిపోర్టు చింపేస్తాడు."

"ఒక్క వాక్యం కూడా ఉండదు సార్," అంది.

మిల్లుకి వెళ్ళేసరికి చైతన్యకృష్ణ కారులో వచ్చి ఉన్నాడు. జుట్టు నెరిసింది, పొట్ట పెరిగింది. "రండి మేడమ్, రండి," అంటూ లేచి, జేబురుమాలుతో కుర్చీ తుడిచి వేశాడు. ఆరేళ్ళుగా ఆ క్షణం కోసం బతికింది లిడియా. తీరా వస్తే ఆమెకి ఒళ్ళు మండింది. ఆయన ఎవరికి కుర్చీ వేస్తున్నాడో ఆయనకే తెలియదు. గుర్తే పట్టలేదు.

రెండు రోజులు కూర్చుంది. జీతాల రిజిస్టర్లు, హాజరు పుస్తకాలు, గేటు పుస్తకం అడిగింది. ఒకటి తెస్తే ఇంకొకటి అడిగింది. మాబూబీని పిలిపించింది.

"నేను మానేశానని రాశారంట మేడమ్. మానేస్తే ఇంత పత్తి ఎవరు ఏరినట్టు? ఇదిగో నా ఏలిముద్ర, ఇదిగో ఇంకోటి. చూసుకోండి."

మానేసినట్టు చూపిన ప్రతి నెలలోనూ జీతం దగ్గర వేలిముద్రలున్నాయి. మాబూబీ ఒక్కతే కాదు, నలభై ముగ్గురు. లిడియా ప్రతి పేజీ ఫోటో తీయించి, ప్రతి దాని మీద మేనేజరు సంతకం పెట్టించింది.

రెండో రోజు సాయంత్రం సామాన్లు సర్దుకుంటూ అంది: "చీమకుర్తి జయరావు కూతుర్నండీ. మా నాన్నని నాలుగు నెలల ముందే మాన్పించేశారు మీరు."

చైతన్యకృష్ణకి గుర్తు రావడానికి చాలాసేపు పట్టింది. మేనేజరు బయటికి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, అది కుర్రాళ్ళ పొరపాటు. యూనిట్ వాళ్ళ చేత నేనే లెటర్ పెట్టిస్తాను. వారంలో మీ నాన్నగారి తేదీ మారుతుంది, మీ అమ్మగారికి పింఛను మొదలవుతుంది. ఈ రిపోర్టు ఒక్కటి కాస్త చూసి రాయండి."

లిడియాకి అమ్మ గుర్తొచ్చింది. ఇళ్ళల్లో అంట్లు తోమి ఒరిసిపోయిన ఆవిడ చేతులు గుర్తొచ్చాయి. వారం రోజుల్లో అయిపోయే పని. తల ఊపితే చాలు.

"మా అమ్మ అర్జీ మా అమ్మ పెట్టుకుంటుంది. మీరు ఇప్పుడన్న మాట కూడా రిపోర్టులో రాస్తాను," అని బ్యాగు భుజాన వేసుకుంది.

రాసింది. ఆ రిపోర్టు ఉప్పూ కారం లేకుండా చప్పగా ఉంటుంది. తేదీ, పేజీ, వేలిముద్ర, పేరు, చివర ఆయనన్న మాట, అంతే. మిల్లు లాయరు మూడు వాయిదాలు తిప్పి, పట్టుకోవడానికి ఏమీ దొరక్క వదిలేశాడు. బకాయి, జరిమానా కట్టమని ఆర్డరు పడింది. మిల్లు యజమాని తప్పంతా కన్సల్టెంటుదేనని, దొంగ రికార్డు పుట్టించాడని పోలీసు కేసు పెట్టాడు. సంగతి తెలిసి మిగతా మిల్లులు ఒక్కొక్కటే ఆయన్ని మాన్పించాయి.

ఒకరోజు చైతన్యకృష్ణ పళ్ళ సంచి పట్టుకుని చీమకుర్తిలో ఎలీసమ్మ ఇంటికి వచ్చాడు. ఇక వదిలెయ్యమని కూతురికి చెప్పమని బతిమాలాడు. ఎలీసమ్మ మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది.

"నేనెప్పుడో క్షమించాను బాబూ. మా అమ్మాయి సంగతి మాత్రం నాకు తెలీదు," అంది.

ఈ మాట ఫోన్లో విని లిడియా తల్లి మీద అరిచింది. "మంచినీళ్ళెందుకిచ్చావమ్మా ఆయనకి?" అని వారం రోజులు మాట్లాడలేదు.

ఎలీసమ్మ అర్జీ వేరే అధికారి దగ్గర పద్దెనిమిది నెలలు నడిచింది. జయరావుతో పాటు మిషను మీద పనిచేసిన ఖాజావలి వచ్చి సాక్ష్యం చెప్పాడు. ఆ నాలుగు నెలల్లో ఇద్దరి పేర్లూ కలిపి రాసిచ్చిన జీతం చీటీలు ఖాజావలి భార్య బియ్యం డబ్బాలో దాచింది. తేదీ మారింది. పింఛను వచ్చింది, పాత నెలలది కూడా కలిపి. ఎలీసమ్మ అందులో దశమ భాగం చర్చికిచ్చి, అంట్లు తోమే పని మానేసింది.

లిడియా మాత్రం ఆగలేదు. చైతన్యకృష్ణ లెక్కలు రాసిన యూనిట్లు ముప్పై ఒకటని తేల్చుకుంది. ఫిర్యాదు లేకుండా తనంతట తాను వాటి మీదికి వెళ్ళడానికి వీల్లేదు కాబట్టి, ఆదివారాలు ఆరాధన అయ్యాక మాబూబీని వెంటబెట్టుకుని కూలీల పేటలకి వెళ్తుంది. ఆడవాళ్ళ ఫోన్లలో వాళ్ళ పాస్‌బుక్ తెరిచి, మానేసిన తేదీ ఎక్కడుంటుందో చూపిస్తుంది. ఫిర్యాదు ఎలా రాయాలో చెబుతుంది. చర్చిలో దీన్ని సేవ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె తల అడ్డంగా ఊపుతుంది.

ఇప్పటికి పద్నాలుగు యూనిట్లు అయ్యాయి. ఆయన ఈ మధ్య బావమరిది పేరు మీద నరసరావుపేటలో కొత్త ఆఫీసు తెరిచాడని మాబూబీ కబురు తెచ్చింది. మొన్న శనివారం లిడియా బస్సు దిగి, రోడ్డుకి ఇవతల నిలబడి, ఆ ఆఫీసు బోర్డు ఫోటో తీసుకుని వచ్చింది.