పదకొండో చెల్లె

కొత్తవాడలో ఎవరైనా ఎదురైతే బాగున్నవా అంటారు. రాజలింగు మాత్రం ఏం గోలీలు మింగుతున్నవ్ అని అడిగేవాడు, అదీ తన్నడానికి వచ్చినవాడిలా. పెళ్ళిపందిట్లోనైనా అదే, పీనుగు ముందైనా అదే. జంపఖానాలు నేసే ఆ వాడలో కోపిష్టులకు కొదవ లేదు గానీ, ఎదుటివాడి నోట్లో ఏముందో చూసి కోపం తెచ్చుకునేవాడు ఆయనొక్కడే.

ఒక పెళ్ళిలో మగపెళ్ళివారి పెద్దాయన జేబులోంచి ఏదో తీసి నోట్లో వేసుకున్నాడు. రాజలింగు పోయి దవడలు పట్టి కక్కించాడు. తీరా చూస్తే పిప్పరమెంటు బిళ్ళ. తప్పయిందని అనలేదు సరికదా, ఈ వయసులో పిప్పరమెంటేమిటని ఆయన్నే తిట్టాడు. లగ్నం అరగంట ఆలస్యమైంది.

పక్కింటి సమ్మమ్మకు ఆయన పేరెత్తితే ఒళ్ళు మండేది. గుంటమగ్గంలో ముప్ఫై ఏళ్ళు కూర్చుని ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. మూడేళ్ళుగా నొప్పికని తెల్ల గోలీలు మింగుతోంది, అవి పడితేనే లేచి నడుస్తుంది. వాటిని బియ్యం డబ్బాలో దాచి, రాజలింగు ఎన్నిసార్లు అడిగినా నేనేం మింగుతలేను పో అని ముఖం మీదే తలుపేసేది.

ఎనభై ఒకటి ఎండాకాలంలో ఆమెకు దవడపన్ను సలుపు పట్టింది. లవంగాలకు లొంగలేదు. ఎవరికీ చెప్పకుండా చౌరస్తాలోని పండ్ల డాక్టరు దగ్గరికి పోయి కుర్చీలో కూర్చుంది. డాక్టరు పటకారు ఎత్తాడో లేదో, ఆమె వెనకే వచ్చిన రాజలింగు తలుపు తోసుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“ఈమె తెల్ల గోలీలు మింగుతాంది సార్. పన్ను పీకితే పుండు మానది.”

“నా నోరు, నా పన్ను. నడుమ నీకేం నొస్తాందయ్యా?” అంది సమ్మమ్మ.

డాక్టరుకూ తిక్క రేగింది గానీ, గోలీల మాట విని పటకారు కింద పెట్టాడు. గద్దించి అడిగితే ఆమె ఒప్పుకోక తప్పలేదు. అవి స్టెరాయిడ్లనీ, ఏళ్ళ తరబడి మింగితే ఎముకలు గుల్లబారతాయనీ, పన్ను పీకిన చోట మానక దవడే కుళ్ళవచ్చనీ చెప్పి, ముందు పెద్ద దవాఖానలో చూపించుకోమన్నాడు.

దవాఖానకు పోయే రిక్షాలో దారి పొడుగునా ఇద్దరూ తిట్టుకున్నారు. ఇయ్యాల్నే గోలీలు పారేస్తానని ఆమె అంటే ఆయన మరింత మండిపడ్డాడు. ఒక్కసారే మానితే పానం మీదికొస్తుందట, పెద్ద దవాఖాన డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలట. ఇన్ని సంగతులు నీకెట్ల ఎరుక అని నిలదీసింది.

రాజలింగు ఎప్పుడూ చెంపకు చుట్టుకుని తిరిగే తువ్వాల విప్పాడు. కుడి దవడ సగం లోపలికి పోయి ఉంది. జర్దా నమిలి పుండైందని వాడంతా అనుకునేది, ఆయన ఏనాడూ కాదనలేదు. తానూ అవే గోలీలు మింగుతూ పన్ను పీకించుకున్నాక ఎనిమిది నెలలు చీము కారి, ఎముక ముక్కలుగా ఊడి వచ్చిందట.

“తొర్రూరు నుంచి ఆ గోలీలు వాడకు తెచ్చింది నేనే గదా” అన్నాడు, ఇంకా కోపంగానే. “నూలు పంచినట్టు ఇంటింటికి పంచిన.”

నిజమే. ఒకరికి మేలైనది దొరికితే అందరికీ తెచ్చి పంచడం ఆ వాడ ఆనవాయితీ. సమ్మమ్మకు మొదటి పొట్లం ఆయన చేతి మీదుగానే వచ్చింది. ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఈ ముక్క ముందే చెప్పకుండా రెండేళ్ళు తలుపులెందుకు బాదావని కడిగేసింది.

“సిగ్గయింది” అన్నాడు రాజలింగు. ఆయన నెమ్మదిగా మాట్లాడటం ఆమె వినడం అదే మొదలు.

దవాఖానలో చీటీలు రాసే గుమాస్తా ఆయన్ని చూడగానే కలం పక్కన పెట్టాడు.

“మళ్ళొచ్చినవా? ఈమె ఏమైతది నీకు?”

“చెల్లె.”

“ఎంతమంది చెల్లెండ్లయ్యా నీకు? ఈమెతోని పదకొండు.”

చీటీలు రాయడానికి జీతమిస్తున్నారా, చెల్లెళ్ళను లెక్కపెట్టడానికా అని రాజలింగు కస్సుమన్నాడు. వాళ్ళమ్మకు ఈయనొక్కడే సంతానమని సమ్మమ్మకు తెలుసు. ఆయన గోలీలు పంచిన ఇళ్ళలోంచి ఇంతకుముందు ఎవరెవరు వచ్చి ఉంటారో కూడా ఇప్పుడు తెలిసింది. చెంప సలుపుతున్నా ఆయన్ని పక్కకు నెట్టి, కిటికీలోకి తల పెట్టింది.

“చెల్లె కాదు సార్, అక్క అని రాయుండ్రి. వీనికంటె రెండేండ్లు పెద్దదాన్ని. ఇగ తిట్టేది నా వంతు.”