కత్తెర పడిన కేబుల్

డిస్కు పలకడం లేదంటూ ఏ కంప్యూటర్ వచ్చినా, మెకానిక్ ముందు కేబుల్ కనెక్టర్‌ను బొటనవేలితో కదిపి చూస్తాడు. వదులుగా ఉంటే ఆ కేబుల్‌ను అక్కడికక్కడే కత్తెరతో రెండు ముక్కలు చేస్తాడు. "అయ్యో, కొత్తదిలా ఉందే!" అని ఎవరైనా అంటే నవ్వి ముక్కల్ని చెత్తబుట్టలో వేస్తాడు. ఒకప్పుడు అలాంటిదాన్నే సొరుగులో పడేసి, మరచిపోయి, దాంతోనే పరీక్షించి, ఒక టీచరమ్మ తన బడిపిల్లల పాటలు దాచుకున్న డిస్కు పోయిందని తేల్చేశాడు. నెల తిరక్కుండా అదే కేబుల్‌తో తన సొంత డిస్కూ పలక్కపోయేసరికి వేరే కేబుల్ పెట్టి చూశాడు; డిస్కు పలికింది. పరుగున ఆమె ఇంటికి వెళ్ళాడు.

"తప్పు నా కేబుల్‌దమ్మా, డిస్కుది కాదు. పారేశారా?"

ఆమె బీరువాలోంచి ఉన్ని శాలువా మూట తీసి విప్పింది. లోపల డిస్కు ఉంది.

"పోయిందన్నావు గానీ, పిల్లల గొంతులు కదా బాబూ, చలేస్తుందేమోనని చుట్టిపెట్టాను."