తేనెమైనంలో ముంచిన పికప్

నా గిటారులోని పికప్ లచ్చన్న చుట్టింది. ఈ ఒక్క మాట చెప్పవలసిన చోట నేను చెప్పలేదు. ఈమధ్య స్విచ్ మార్చుదామని గిటారు మూత విప్పితే తేనెమైనం వాసన వచ్చింది. ఇన్నేళ్లయినా పోలేదు.

లచ్చన్నది తర్లగూడ. కిరండూల్‌లో ఇనుప గని వర్క్‌షాపులో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టేవాడు. మాకు పక్క క్వార్టర్. కోస్తా నుంచి వచ్చిన మా కుర్రాళ్లం అతని యాసను చాటున అనుకరించి నవ్వుకునేవాళ్లం. ఎదుటపడితే "లచ్చన్నా" అని పని చేయించుకునేవాళ్లం. అప్పట్లో నాది పెద్ద మోత వాయింపు. యాంప్లిఫయర్‌లో మోత పెంచే గెయిన్ తిప్పగానే గిటారు ఈల వేసేది, తీగల మీంచి చెయ్యి తీస్తే బుయ్యిమనేది. తీగల కదలికను కరెంటుగా మార్చే పికప్ సరిగా లేదని తెలిసి, బొంబాయి కేటలాగ్ తెచ్చి అన్నిటికన్నా ఎక్కువ చుట్టలున్నదాన్ని అతనికి చూపించాను.

"గన్ని చుట్టలు దేనికి తమ్మీ?"

"గట్టిగా వినపడాలన్నా."

"గనిల పేలుడు గూడ గట్టిగనే ఇనబడ్తది. ఏ తీగ మోగిందో తెల్వాలె గద."

పాత రిలే స్విచ్‌లోంచి వెంట్రుకకన్నా సన్నని రాగితీగ తీసి తనే చుట్టాడు. బుయ్యిమనే రొద పోవడానికి ఒకటి కాదు, ఎదురెదురు దిక్కుల్లో చుట్టిన రెండు కాయిళ్లు. తర్వాత సంతలో కొన్న తేనెమైనం కరిగించి, బుడగలు ఆగేదాకా వాటిని అందులో ముంచాడు. "తీగల నడుమ సందుంటే అదే కదిలి ఈల కొడ్తది. మోటారైనా గంతే," అన్నాడు.

ఆ ఏడు టౌన్‌షిప్ వార్షికోత్సవంలో నా గిటారు ఒక్కసారి కూడా ఈల వేయలేదు. జగదల్‌పూర్ నుంచి వచ్చిన బ్యాండులో గిటారు వాయించేవాడు వేదికెక్కి అది ఏ పికప్ అని హిందీలో అడిగాడు: "కౌన్సా పికప్ హై, భాయ్?" మైకు ఆన్‌లోనే ఉంది. ఇస్త్రీ చొక్కాలో వేదిక మెట్ల దగ్గర నిలబడ్డ లచ్చన్న ఒక అడుగు ముందుకు వేశాడు. మోటారు మిస్త్రీ చుట్టాడంటే నవ్వుతారనిపించింది నాకు.

"ఇంపోర్టెడ్ హై. బంబయీ సే మంగాయా."

బొంబాయి నుంచి తెప్పించానన్న ఆ మాటకు లచ్చన్న వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు గేటు దగ్గర కనిపించి, "బొంబాయోడు మంచిగ చుట్టిండా తమ్మీ?" అన్నాడు. నేను నవ్వేసి వెళ్లిపోయాను. అబద్ధంకన్నా ఆ నవ్వే నన్ను ఎక్కువ కాల్చింది. అతను రిటైరై సొంతూరు వెళ్లిపోయిన రోజు కావాలనే ఇంట్లో లేకుండా పోయాను. ఆ తర్వాత ఎక్కడ వాయించినా, ఎవరైనా పికప్ గురించి అడుగుతారేమోనని గిటారును త్వరగా పెట్టెలో పెట్టేసేవాణ్ని.

మూత విప్పిన వారానికి గిటారు తీసుకుని తర్లగూడ వెళ్లాను. లచ్చన్న ముసలివాడైపోయాడు. పికప్ మీద వేలు పెట్టి, "ఈల కొడ్తాందా?" అని మాత్రం అడిగాడు. లేదన్నాను. మంచినీళ్లు తెచ్చిన లచ్చన్న భార్య, మా వదిన, ఆ పికప్ వైపు వేలు చూపించింది.

"గిదేంది, యాడ కొన్నవయ్యా?"

"కొనలేదు వదినా. అన్న చుట్టాడు. ఆనాడు అంతమందిలో ఈ మాట చెప్పలేదు. తప్పు చేశాను లచ్చన్నా, క్షమించు."