బడి గోడ ఖాళీగా ఉంచమన్న టీచర్ గారు

మా పక్కింటి టీచర్ గారు పోయారన్న సంగతి కెనడాలో మా ఊరు మిల్టన్‌లోని తెలుగువాళ్ళకి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. నాకు అంతకు కాసేపు ముందే తెలుసు. వాళ్ళాయన, మేమంతా అంకుల్ అని పిలిచే ఆయన, హాస్పిటల్ నుంచి ఫోన్ చేసి "అయిపోయిందమ్మా" అని మాత్రం అని పెట్టేశారు. ఆ తర్వాత గ్రూపు తెరిస్తే దండాలు పెట్టే బొమ్మలు వరసగా దిగుతున్నాయి. ఆవిడ ఎదురొస్తే రోడ్డు దాటి అవతలి వైపుకి వెళ్ళినవాళ్ళు కూడా "మా పిల్లల గురువు, తీరని లోటు" అని రాశారు. లోటు నిజమే. ఆవిడ బతికుండగానే పిల్లలకి ఆ లోటు చేసిందెవరో మాత్రం ఒక్కరూ రాయలేదు.

మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఒకే వరసలో టౌన్‌హౌస్‌లు. మధ్యలో ఒక్కటే గోడ, అదీ పల్చటిది. పొద్దున్నే ఆవిడ పూజ మాకు వినబడేది. పెద్ద గొంతు, తరగతి గదిలో అలవాటైన గొంతు. అష్టోత్తరం మధ్యలో ఆపి "ఏమండీ, పాలు చూడండి" అని అరిచి, మళ్ళీ ఆపిన నామం దగ్గరే అందుకునేవారు. మా అమ్మాయి ఆ గొంతుకే నిద్ర లేచేది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆవిడకి భక్తి లేదని, దేవుడంటే గిట్టదని ఇక్కడ చాలామంది ప్రచారం చేశారు. కార్తీక మాసమంతా ఒంటిపూట తినే మనిషి గురించి, అదే మాసంలో ఇంటి వెనక డెక్ మీద చికెన్ కాల్చుకునేవాళ్ళు అన్న మాట అది.

ఆవిడది లెక్కల సబ్జెక్టు. గుంటూరులో కొన్నాళ్ళు పనిచేసి, వర్క్ వీసా మీద అమెరికా వెళ్ళారు. అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో ఒక చిన్న ఊళ్ళో, ప్రభుత్వ బడిలో, మిడిల్ స్కూల్ పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్పారు. అక్కడేం జరిగిందో నాకు ఒక్కసారిగా చెప్పలేదు. మా వంటింట్లో వంకాయలు తరుగుతూ కొంత, ఇంటి ముందు డ్రైవ్‌వే మీద మంచు తోస్తూ కొంత చెప్పారు.

ఆ ఊరి పెద్దలు కొందరు కలిసి బైబిల్లోని పది ఆజ్ఞల్ని అందంగా అచ్చు వేయించి, ఫ్రేములు కట్టించి, ప్రతి తరగతికీ ఒకటి చొప్పున బహూకరించారట. ఇప్పుడైతే అక్కడ కొన్ని రాష్ట్రాల్లో అలాంటి వాటికి ఏకంగా చట్టాలే చేస్తున్నారు, కోర్టుల్లో కొట్లాడుకుంటున్నారు. అప్పట్లో ఆ బడిలో చట్టమేమీ లేదు, ప్రిన్సిపల్ గారి ముచ్చట, అంతే. పొద్దున్న మైకులో ప్రార్థన అప్పటికే ఉంది. ఇష్టం లేనివాళ్ళు చెయ్యక్కర్లేదు అనేవారు. తరగతిలో ఒకమ్మాయి వాళ్ళింట్లో ఏ దేవుడూ లేడు. అందరూ తలలు వంచి నిలబడ్డప్పుడు ఆ పిల్ల రోజూ కిందికి వంగి షూ లేసులు విప్పి మళ్ళీ కట్టుకునేదట. ఏడాదంతా.

"ఇష్టం లేకపోతే చెయ్యక్కర్లేదు అనడం ఎంత తేలికో చూడు. పన్నెండేళ్ళ పిల్ల అందరిలో ఒక్కతే తలెత్తుకుని నిలబడాలి. పెద్దవాళ్ళం మనమే నిలబడలేం" అన్నారు టీచర్ గారు.

ఫ్రేము తన తరగతిలో బోర్డు పైన తగిలించిన మర్నాడు, పిల్లలు రాకముందే స్టూలు వేసుకుని దాన్ని దించారు. ఇంటి నుంచి ఉతికిన తెల్ల తువ్వాలు పట్టుకెళ్ళి, అందులో చుట్టి, రెండు చేతులా పట్టుకుని ప్రిన్సిపల్ గదికి వెళ్ళారు. ఇది మీకు పవిత్రం కాబట్టే నా గదిలో వద్దంటున్నాను, అక్కడ పిల్లలు కాగితం ఉండలు విసురుతారు, దీనికి తగలడం నాకిష్టం లేదు అని చెప్పారట. ఆయన ఎంతో మర్యాదగా తీసుకున్నాడు, థాంక్స్ కూడా చెప్పాడు. ఏడాది చివర అంతే మర్యాదగా కాంట్రాక్టు రెన్యూ చెయ్యలేదు. ఉద్యోగంతో పాటు వీసా పోయింది.

ఆ ఊళ్ళో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాల వాళ్ళూ ఆవిడకి ముందు గడ్డి పెట్టారు, వీసా మీద ఉన్నవాళ్ళకి ఎందుకీ గొడవలని. తర్వాత సలహా ఇచ్చారు. దించే బదులు పక్కన మన సరస్వతీదేవి పటం పెడతానని అడగాల్సింది, అదీ సమానత్వం అన్నారు. ఆవిడ నవ్వి, అప్పుడు రెండు పటాలు దించాలి, నాకు పని ఎక్కువవుతుంది అన్నారట. ఈ ముక్క చెప్పినప్పుడల్లా అంకుల్ కూడా నవ్వేవారు, ఆవిడ కంటే ఒక క్షణం ఆలస్యంగా. సామాను అమ్ముకుని పిల్లాజెల్లా లేని ఆ ఇద్దరూ కెనడా పీఆర్ తెచ్చుకుని ఇక్కడికి వచ్చింది ఆ తర్వాతే.

ఇక్కడ ఆవిడకి బడిలో ఉద్యోగం రాలేదు. సర్టిఫికెట్లూ ఇవాల్యుయేషన్లూ అంటూ తిప్పి తిప్పి వదిలేశారు. బేస్‌మెంట్లో కుర్చీలు వేసుకుని మన పిల్లలకి లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. అదే ఆవిడ ప్రాణం. "జవాబు తెలిస్తే చెయ్యెత్తు. తెలియకపోతే ఇంకాస్త పైకెత్తు" అనేవారు. పిల్లలు ఇంగ్లీషులో అడిగేవాళ్ళు, ఆవిడ తెలుగులో చెప్పేవారు, ఇద్దరికీ అర్థమయ్యేది. పేపర్లు దిద్దే ముందు చేతులు కడుక్కునేవారు, పూజకి ముందు కడుక్కున్నట్టే. తప్పు జవాబుకి ఎర్ర గీత పెట్టేవారు కాదు, దారి ఎక్కడ తప్పారో అక్కడ చిన్న చుక్క పెట్టి తిరిగి ఇచ్చేవారు. మా అమ్మాయి ఇప్పటికీ తన హోంవర్కులో అలా చుక్కలు పెట్టుకుంటుంది.

మా వీధి చివరి పబ్లిక్ స్కూల్లో మనవాళ్ళ పిల్లలు బాగా ఎక్కువ. ఒక ఏడాది మన తెలుగు అసోసియేషన్ వాళ్ళకి వసంత పంచమికి ఆ బడిలోనే, క్లాసు టైములోనే సరస్వతీ పూజ చేయించాలని బుద్ధి పుట్టింది. అక్కడి ప్రిన్సిపల్ మంచావిడ. ఎవరిని నొప్పిస్తానో అన్న భయంతో సగం ఒప్పుకుంది. మంత్రాలు తప్పుల్లేకుండా చదవగలిగేది టీచర్ గారే కాబట్టి, పూజ మీరే జరిపించాలని మా ప్రెసిడెంట్ గారు పండూ తాంబూలంతో వచ్చారు. నేనక్కడే ఉన్నాను.

"ఆదివారం మా ఇంట్లో చేద్దామండీ. పులిహోర, చక్రపొంగలి నేనే చేస్తాను, ఊరంతా రండి. బడిలో మాత్రం వద్దు" అన్నారావిడ.

"అమెరికాలో అంటే వాళ్ళు మెజారిటీ టీచర్ గారూ, మన నెత్తిన రుద్దారు. ఇక్కడ మనం మైనారిటీ కదా. ఇది వేరు."

"ఆ క్లాసులో సగానికి పైగా మన పిల్లలే. ఆ గదిలో మైనారిటీ ఎవరో మీరే లెక్కేసి చెప్పండి."

ప్రెసిడెంట్ గారు లెక్క వెయ్యలేదు. కాఫీ తాగి వెళ్ళిపోయారు. టీచర్ గారు మర్నాడు ప్రిన్సిపల్‌ని కలిసి తన అభిప్రాయం చెప్పారు. చాటుగా కాదు, ఫలానా రోజు వెళ్తున్నానని ప్రెసిడెంట్ గారికి ముందే ఫోన్ చేసి మరీ వెళ్ళారు. పూజ ఆగిపోయింది.

ఆ తర్వాత ఆవిడని మొహం మీద ఎవరూ ఒక్క మాట అనలేదు. మనవాళ్ళ పద్ధతే అంత. ఒక పిల్లాడికి స్విమ్మింగ్ క్లాసు టైము అడ్డొచ్చింది. ఇంకొకరికి ఆన్‌లైన్ బాగుందట. ఒకావిడ అయితే బేస్‌మెంట్లో తడి వాసనకి పాపకి తుమ్ములొస్తున్నాయని చెప్పింది. శ్రావణ శుక్రవారం పేరంటాలకి పిలుపులు ఆగిపోయాయి. పెద్ద తరగతులకి వచ్చిన పిల్లల్ని డిసిప్లిన్ బాగుంటుందని కేథలిక్ హైస్కూళ్ళలో వేసి, అక్కడి ప్రార్థనలకి నవ్వుతూ పంపేవాళ్ళే వెనకాల ఆవిడ్ని ధర్మద్రోహి అన్నారు. చివరికి ఆ కుర్చీల్లో మా అమ్మాయి ఒక్కతే మిగిలింది. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అమెరికాలో కనీసం ఒక సంతకం పెట్టి తీసేశారు. ఇక్కడ అదీ లేదు.

జబ్బు బయటపడ్డాక ఆవిడ అడిగింది ఒక్కటే. ఓపికున్న రోజుల్లో పిల్లలకి ఊరికే చెబుతాను, గ్రూపులో పెట్టు అన్నారు. పెట్టాను. అందరూ చదివినట్టు చూపించింది ఫోను. జవాబు రాలేదు. రెండో రోజు ఆవిడ, "ఏమైనా అన్నారా?" అని అడిగారు. సెలవులు కదా, ఊళ్ళో లేరేమో అన్నాను. ఆవిడ నా మొహం చూసి, "దేవుడికి అటెండెన్స్ అక్కర్లేదు గానీ పిల్లలకి కావాలే. మానేస్తే వెనకబడిపోతారు" అన్నారు.

సంతాప సభ అసోసియేషనే పెట్టింది. హాలు నిండింది. నిలువెత్తు ఫొటో, దానికి దండ, ముందు దీపం. ప్రెసిడెంట్ గారు మైకు తీసుకుని గద్గద స్వరంతో మాట్లాడారు. పరాయి మతాన్ని తన తరగతిలోకి రానివ్వక, హిందూ ధర్మం కోసం అమెరికాలో ఉద్యోగాన్నే త్యాగం చేసిన వీరమాత అన్నారు. చప్పట్లు మోగాయి. తెల్ల తువ్వాలు మాట లేదు. వసంత పంచమి మాట అసలే లేదు. ఆవిడ పేరు మీద ఏటా పిల్లలకి శ్లోకాల పోటీ పెడతామని, మొదటి షీల్డు ఆవిడ జ్ఞాపకార్థం కుటుంబానికే ఇస్తున్నామని ప్రకటించారు. అంకుల్ స్టేజి ఎక్కి, షీల్డు తీసుకుని, నమస్కారం పెట్టి దిగారు. మాట్లాడమంటే తల అడ్డంగా ఊపారు.

భోజనాల దగ్గర నేను ప్రెసిడెంట్ గారిని పట్టుకున్నాను. మీరు చెప్పింది నిజం కాదు, ఆ సంగతి మీకూ తెలుసు అన్నాను. ఆయనకేం కోపం రాలేదు. నా ప్లేట్లో అప్పడం లేదని చూసి, ఒకటి తీసి వేశారు.

"తెలుసమ్మా. కానీ పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలి కదా" అన్నారు.

మా వీధిలో రీసైక్లింగ్ తీసుకెళ్ళే రోజున ఆఫీసుకని బయటికొస్తే, అంకుల్ డ్రైవ్‌వే చివర నిలబడి ఉన్నారు. నీలం డబ్బా ఖాళీగా ఉంది. దాని పక్కన మంచులో ఆ షీల్డు. పాల డబ్బాలు, అట్టపెట్టెలు తీసుకుని, ఇది మాకు పనికిరాదని లారీ కుర్రాడు జాగ్రత్తగా పక్కన పెట్టి వెళ్ళాడు. అద్దం మీద వీణ పట్టుకున్న సరస్వతి, కింద బంగారు అక్షరాల్లో ఆవిడ పేరు, దాని కింద వీరమాత అని. అంకుల్ నన్ను చూసి సిగ్గుపడ్డట్టు నవ్వారు.

"పారేద్దామంటే అమ్మవారుందమ్మా. ఇంట్లో పెడదామంటే మీ టీచర్ గారు ఒప్పుకోదు" అన్నారు.

ఆయన వంగి దాన్ని తీసి, అమ్మవారి మొహం మీది మంచు స్వెట్టర్ చేత్తో తుడిచారు. నేను కారు వెనక్కి తీసి వీధి మలుపు తిరిగేదాకా అద్దంలో కనబడుతూనే ఉన్నారు. తలుపు తీసి ఉంది. ఆయన మాత్రం దాన్ని రెండు చేతులా పట్టుకుని ఇంట్లోకీ వెళ్ళక, చెత్తడబ్బా దగ్గరికీ వెళ్ళక, అక్కడే నిలబడి ఉన్నారు.