తోడల్లుడి షూసుకి గుగ్గిలం

మా తోడల్లుడింట్లో హాల్లో గోడకి కొత్త ఫొటో తగిలించేరు, చూసేరా? పంద్రాగస్టు నాడు అమలాపురంలో కలెక్టరుగారి చేతుల మీదుగా బెస్టు టీచరు అవార్డు తీసుకుంటున్న ఫొటో. మొహం బాగుంది, నవ్వు బాగుంది, సర్టిఫికెట్టు బాగుంది. మోకాళ్ల కాడికొచ్చేసరికి ఫొటో అయిపోద్ది! కింద కాళ్లెందుకు లేవో అసలు సంగతి ముగ్గురికే తెలుసండి. ఆయనకి, మా ఆవిడకి, నాకు. ఇంక ఇవాళ్టితో మీకూ తెలుస్తది. టీ చల్లారిపోద్ది, తాగుతూ వినండి.

నా సంగతి మీకు తెలిసిందే. ఈ రేవులో పడవ కారిందంటే నా గుమ్మం ముందుకి రావల్సిందే. చెక్కల సందుల్లో కొబ్బరి పీచు కుక్కి, గుగ్గిలం నూనెలో కాచి పూసేనంటే లోపలికి చుక్క రాదు. ఒకసారి నేను పూసిన పడవ వరదలో మునిగిపోయి మూడోరోజుకి తేలింది. లోపల గడ్డి పొడిపొడిగా ఉందండి! నవ్వకండి బాబూ, కావాలంటే ఆ గడ్డి తిన్న గేదెని చూపిస్తాను.

మా తోడల్లుడు ఆనందరావు బళ్లో మేస్టరు. అవార్డుకి రెండ్రోజుల ముందు, ఆదివారం ప్రార్థనయ్యేక, మా ఇంటికి భోజనానికొచ్చేడు. చేతిలో అట్టపెట్టె. అందులో నల్ల తోలు షూసు. తీసి బల్ల మీద పెట్టి, పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు.

"అన్నయ్యగారండీ, ఎల్లుండే అవార్డు. గ్రౌండు నిండా వాన నీళ్లేనంట. ఇవి తడిస్తే ఇంక పనికిరావండి. వాటర్‌ప్రూఫు స్ప్రే ఏదో ఉందంట గానీ, ఇప్పుడు ఆర్డరెడితే వారం పట్టుద్దంటున్నారు."

"నలభై అడుగుల పడవలోకి గోదారిని రానివ్వనోణ్ని తమ్ముడూ! నీ ఈ రెండు బుల్లి పడవల్లోకి వాన నీళ్లు రానిస్తానా? ఇక్కడ పెట్టి వెళ్లు."

"మీకు షూసు అలవాటుందా అండీ?"

"ఆయ్!" అన్నాను. పడవలు అలవాటేగా.

మా ఆవిడ సువార్త వంటింట్లోంచి తల బయటికి పెట్టి, "మరిదిగారూ, పట్టుకెళ్లిపోండి. ఈయన మా పెరటి తలుపుకి తారు రాసేరు, అది ఇప్పటికీ తెరుచుకోట్లేదు" అంది. ఆయనేమో మహా మర్యాదస్తుడు. పట్టుకెళ్తే నా మనసు నొచ్చుకుంటదని వదిలేసి వెళ్లేడు. ఆయన చేసిన తప్పదీ. నాదేం లేదు.

సోమవారం పొద్దున్నే గుగ్గిలం కాచేను. లేసులు పాడవకూడదని ముందే లాగేసి దండెం మీద ఆరేసేను. అంత జాగ్రత్త మనిషిని! కుట్ల వెంట పీచు పెట్టి, వేడివేడిగా పూసుకుంటూ పోతున్నాను. షూ ముక్కు దగ్గరికొచ్చి చూద్దును కదా, సన్న సన్న చిల్లులు! పైకి చూస్తే ఇంకా పెద్దవి, ఒక్కోదానికి పదేసి!

"ఒసేయ్ సువార్తా! మనోడికి చిల్లుల షూసు అంటగట్టేరే! ఇన్ని చిల్లులున్న పడవెక్కి ఎవడన్నా ఏరు దాటుతాడా?"

"వాటి అవసరం వాటికి ఉంటదేమోనండీ" అంది.

"నువ్వెప్పుడన్నా పడవ బాగుచేసేవా? చిల్లు కనపడితే పూడ్చడమే!"

పూడ్చేను. ఒక్కోటీ పుల్లతో పొడిచి మరీ పూడ్చేను. లేసుల కింద ఉండే తోలు నాలిక్కి అటూ ఇటూ జానెడు సందు ఉంటే అదీ కుక్కేసేను. మధ్యాన్నానికి నల్లగా నిగనిగలాడిపోతున్నాయి, పిడుగు పడినా పగలవు.

ఇంక టెస్టు. పడవకి ఏం చేస్తాం? గుగ్గిలం ఆరేక లోపల నీళ్లు పోసుంచుతాం. ఎక్కడ కారినా బయటికి తెలిసిపోద్ది. రెండు షూసుల్లోనూ అంచుదాకా నీళ్లు పోసి అరుగు మీద పెట్టేను. మర్నాడు పొద్దున్న చూస్తే అరుగు పొడిగా ఉంది. చుక్క లేదండి, చుక్క!

ఇంతలో ఆనందరావు బండి మీద దిగేడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, కొత్త సాక్సులు. నేను రెండు చేతుల్తో, తొణక్కుండా తెచ్చి ముందు పెట్టేను.

"లోపల నీళ్లున్నాయేంటండీ?"

"అదే కదా గొప్ప! నిన్నట్నించీ ఉన్నాయి. కారేయా?"

పాపం ఆయన నీళ్లు పారబోసి కాలు పెట్టేడు. పచక్‌మంది. సగం పాదం వెళ్లి ఆగిపోయింది. లాగితే కాలొచ్చింది, సాక్సు రాలేదు. ఈలోగా మా ఆవిడ దండెం మీంచి లేసులు తెచ్చి చేతికిచ్చింది. ఆయన లేసు పట్టుకుని, షూ ఇటు తిప్పి, అటు తిప్పి, వేలితో తడిమి చూస్తన్నాడు... ఎక్కడ దూర్చాలీ? అప్పుడెలిగిందండి నాకు, నేను పూడ్చిన చిల్లులేంటో!

"అన్నయ్యగారండీ, తెలీదని ఒక్క మాట చెప్తే సరిపోయేది కదండీ" అన్నాడు. కళ్లల్లో నీళ్లు, అయినా గారు వదల్లేదు, అండీ వదల్లేదు. తిట్టినా బాగుండును.

అరగంటే టైముంది. నా కాళ్లకున్న హవాయి చెప్పులు ఇప్పి ఇచ్చేను. కుడిదానికి పిన్నీసు ఉంది. ఆయన మడమలు రెండు వేళ్ల మందాన బయటికే ఉన్నాయి. ఉండబట్టలేక బండెక్కి నేనూ వెనకాలెళ్లేను, ఉత్తికాళ్లతో.

గ్రౌండులో పాదం మునిగేంత బురద. హవాయి చెప్పు సంగతి తెలుసుగా? అడుగు తీసి అడుగేస్తే వీపు దాకా చిమ్ముద్ది. మైకులో పేరు పిలిచేసరికి వెనక నించి చూస్తే ఆయన ప్యాంటు నిండా మినుములు ఎండబోసినట్టుంది. స్టేజీ మెట్ల కాడ పిన్నీసు ఊడి కుడి చెప్పు బురదలో ఉండిపోయింది. ఒక్క నిమిషం నిలబడ్డాడు. ఎడందీ అక్కడే ఇప్పేసి, ఉత్తికాళ్లతో తల పైకెత్తి ఎక్కేడండి!

కలెక్టరుగారు ఆ కాళ్లు చూసి నవ్వేరు. "మీరే నయం మేస్టారూ, నా షూసులో చెరువే ఉంది" అన్నారంట. చప్పట్లే చప్పట్లు! అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. కలెక్టరుగారు ఆయనతో మాట్లాడేరంటే ఎవరి వల్లండీ మరి?

తర్వాత ఆ షూసు పది రోజులు ఎండలో పెట్టేను. ఆరితే ఒట్టు! లోపలి తడి బయటికి పోదే! విసుగొచ్చి మా ఆవిడ వాటిల్లో కోళ్లకి నీళ్లు పోసి పెరట్లో పెట్టేసింది. మొన్నాదివారం ఆనందరావు వచ్చి వాటిని వంగి చూసి, "కారట్లేదండి అన్నయ్యగారూ, మీ పని గట్టిదే" అన్నాడు. అదేనండి నాకొచ్చిన అవార్డు.

మీలో ఎవరికన్నా వాటర్‌ప్రూఫు చెయ్యాల్సిన షూసుంటే మొహమాటపడకుండా తీసుకురండి. మా ఆవిడ బాతుల్ని కూడా కొంది.