మీటరుకు పెట్టిన బొట్టు

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, జూన్ మొదటివారంలో, నన్ను మట్టి పరీక్షల ప్రయోగశాలకు ఇన్‌ఛార్జిగా వేశారు. నా హోదా వ్యవసాయాధికారి. జనం నోట ‘ఏవో గారు’. ప్రయోగశాల ఎక్కడో చెబితే ఇప్పుడక్కడ ఉన్నవాళ్ళు నొచ్చుకుంటారు కాబట్టి, నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్ళే దారిలో ఒక గోడౌను పక్కన రెండు గదులు అనుకోండి. సిబ్బంది నలుగురం: నేను, ఇద్దరు టెక్నీషియన్లు, అటెండరు సుబ్బరామయ్య. అక్కడ నిజంగా పనిచేసేది పీహెచ్ మీటరు ఒక్కటే. చివరికి దాన్ని కూడా మేము పనిచేయనివ్వలేదు.

మట్టి పులుపో చౌడో చెప్పే పరికరమది. ఏడు వస్తే మధ్యస్థం. తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఆరబెట్టి జల్లించిన మట్టి ఇరవై గ్రాములు, డిస్టిల్డ్ వాటరు యాభై మిల్లీలీటర్లు తీసుకుని, అరగంటసేపు మధ్యమధ్య కలిపి, ఎలక్ట్రోడ్ ముంచి అంకె రాసుకోవాలి. ఎలక్ట్రోడ్ చివర పల్చటి గాజు బుడ్డి ఉంటుంది. అది ఎప్పుడూ దాని ద్రావణంలోనే నానుతుండాలి. ఎండకూడదు, చిన్న గీత కూడా పడకూడదు. రోజూ ఉదయం బఫర్లలో, అంటే పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణాల్లో ముంచి మీటరును సరిచూడాలి. మేమూ రోజూ సరిచూసేవాళ్ళం, రిజిస్టరులో. నిజంగా ముంచడం మాత్రం తనిఖీ ఉన్ననాడే.

ఆ ఏడాది దసరాకు ఆయుధపూజ ఘనంగా చేశాం. తక్కెడకు బొట్టు, కంప్యూటరుకు బొట్టు, ఎప్పుడో మూలనపడ్డ టైపు మిషనుకు రెండు బొట్లు. మీటరు దగ్గరకు వచ్చేసరికి సుబ్బరామయ్య ఎలక్ట్రోడ్‌కి ఉన్న, ద్రావణం నింపిన తొడుగు ఊడదీశాడు.

“మూతికి గుడ్డ కట్టుకున్న దేవుడికి బొట్టెలా పెడతామండీ?” అన్నాడు.

నాకది సబబుగానే తోచింది. ఎమ్మెస్సీ చదివిన చేత్తో ఆ గాజు బుడ్డికి పసుపు రాసి, గంధం అద్ది, కుంకుమ పెట్టింది నేనే. హారతి కూడా ఇచ్చాను. తొడుగు మళ్ళీ పెట్టాలని ఎవరికీ గుర్తురాలేదు. మూడు రోజుల సెలవుల తర్వాత వచ్చి చూస్తే బుడ్డి ఎండి పొక్కు కట్టింది. సుబ్బరామయ్య దాన్ని పంచె కొంగుతో గట్టిగా తుడిచి తళతళలాడించాడు. కంటికి కనిపించని చీలిక అప్పుడే పడి ఉండాలి.

ఆ వారం నలభై నమూనాలు పరీక్షించాం. అన్నీ ఐదున్నరకు కాస్త అటూ ఇటూ. మాది నల్లరేగడి, అడుగున సున్నపురాయి. ఎనిమిదికి తగ్గితేనే ఆశ్చర్యపోవాల్సిన నేల. చందర్లపాడు మట్టి, వీరులపాడు మట్టి రాత్రికి రాత్రి ఒక్క తల్లి పిల్లలైపోతే అనుమానం రావాలి కదా? రాలేదు. రైతులకిచ్చే నలభై ఫలితాల కార్డుల మీదా సంతకం పెట్టాను. “నేల ఆమ్లగుణం కలది. సున్నం వేయవలెను” అని కంప్యూటరే సలహా అచ్చువేసింది.

మా ఏడీ గారికి, అంటే నా పైనున్న సహాయ సంచాలకులకు, ఆ కార్డులు చూసి ప్రాణం లేచొచ్చింది. ఆమ్లనేలల కోసం పెట్టిన సున్నం పథకంలో మాకూ కోటా పడింది. ఇక్కడ ఆమ్లనేల లేదని పైకి రాయడానికి ఎవరికీ ధైర్యం చాలక, బస్తాలు ఏడాదిగా పక్క గోడౌనులోనే ఉన్నాయి. “ఇన్నాళ్ళకు లబ్ధిదారులు దొరికారు” అని ఆయన ఫోనులో నన్ను అభినందించారు. రెండు రోజుల్లో బస్తాలు పొలాల గట్ల మీదికి చేరాయి.

నాలుగోరోజు చందర్లపాడు వైపునుంచి వెంకాయమ్మ అనే రైతు వచ్చింది. ఎకరన్నర సొంత చేను, భర్త లేడు, సేద్యమంతా తనదే. మిరపనారు ఎదిగి నాటుకు సిద్ధంగా ఉంది. ఆ పంట పోతే ఆ ఏడాదికి ఆమెకు ఇంకో ఆధారం లేదు. కార్డు నా బల్లమీద పెట్టి, పక్కనే మట్టిమూట విప్పింది.

“ఇది చౌడు మట్టండీ. మా అమ్మ దీంతోనే దుప్పట్లు ఉతికేది. పులుపు మట్టికి మురికి వదులుద్దా సారూ?”

మిషను అబద్ధం చెప్పదమ్మా అన్నాను. ఆమ్లం, క్షారం అంటే ఏమిటో పది నిమిషాలు బోధించాను. ఆమె ఓపిగ్గా విని, బల్ల మీద ఇంకా తీయని పూజ పళ్ళెంలోంచి చిటికెడు పసుపు తీసుకుంది. అరచేతిలో వేసి, తడిపిన మట్టి దానిమీద రుద్దింది. పసుపు ఇటుకరంగుకు తిరిగింది.

“పారాణికి పసుపులో సున్నం కలుపుతామండీ, చింతపండు కలపం. ఈ మట్టికి ఇంకా సున్నం పొయ్యమంటారా?”

పసుపు క్షారంలో ఎర్రబడుతుందని పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణే నేను. బఫర్లు తెప్పించి మీటరు ముంచాను. నాలుగు చూపించాల్సినచోట ఐదున్నర. తొమ్మిది పైచిలుకు చూపించాల్సినచోటా ఐదున్నరే. తాంబూలం సున్నం కలిపిన నీళ్ళు, సుబ్బరామయ్య క్యారేజీలోని మజ్జిగ, అన్నీ ఐదున్నరే. మజ్జిగకూ సున్నానికీ సమానత్వం ప్రసాదించిన యంత్రం అదొక్కటే అయి ఉంటుంది.

ఆమె చేలో సున్నం పడనివ్వకుండా, చౌడు మూలకు, ఆ గుణాన్ని తగ్గించే జిప్సం రాసిచ్చాను. నలభై కార్డులూ రద్దు చేస్తానని ఏడీ గారికి ఫోను చేశాను.

“నివేదిక పైకి వెళ్ళిపోయిందండీ. రద్దంటే మనమే తప్పు చేశామని ఒప్పుకున్నట్టు కాదూ?” అన్నారాయన.

తప్పు చేశాం కదండీ అన్నాను. ఆ మాట ఆయన చెవికెక్కలేదు. లిఖితపూర్వకంగా రాసి పంపి, టెక్నీషియన్లను చెరోవైపు తోలి, నేనూ మోటారుసైకిలు మీద ఊళ్ళు తిరిగాను. చాలామంది బస్తాలు విప్పనేలేదు. కొందరు ఆ సున్నంతో ఇళ్ళకు వెల్ల వేసుకున్నారు. మా శాఖ సలహాను అంత తెలివిగా వాడుకోవడం నేను మరెక్కడా చూడలేదు.

వీరులపాడు దగ్గర ఒకాయన మాత్రం కార్డులో రాసిన మోతాదు తు.చ. తప్పకుండా చల్లి, దున్ని, మిరప నాటేశాడు. నేను వెళ్ళేసరికి గట్టుమీద కూర్చుని ఉన్నాడు. కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచుకున్నాడు. జరిగింది చెప్పాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

“మీ సంతకం ఉందిగదా అని చల్లేసానండీ” అన్నాడు.

ఆ చేను నెలలోపే పాలిపోయింది. క్షారం హెచ్చితే నేలలో ఇనుము, జింకు ఉన్నా మొక్కకు అందవు. మందులు పిచికారీ చేయించినా తోట కోలుకోలేదు. నాకు మెమో వచ్చింది. ప్రభుత్వ పరికరానికి పసుపు రాయడానికి ఎవరి అనుమతి తీసుకున్నారో తెలపమన్నారు. రైతు పంట గురించి అందులో ఒక్క ముక్క లేదు. సున్నం పంపిణీలో మాకు ప్రశంసాపత్రం కూడా అదే వారంలో వచ్చింది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు చెప్పగలిగింది ఇంతే. బఫరులో ముంచకుండా ఏ అంకె కిందా సంతకం పెట్టకండి. నన్ను నమ్మని వెంకాయమ్మ ఆ ఏడాది మిరపకాయలు కోసుకుంది. నమ్మినాయన తోట పీకేశాడు.