టిఫిను తర్వాత కొలిచిన నీళ్లు

లోకంలోని మంచినీళ్లను పట్టించుకోవడానికి ఒక అంతర్జాతీయ శాస్త్ర సంఘం ఉంది. చెరువులు, కుంటలు, నదులు, వాగులు, సముద్రం కానిదల్లా వాళ్లదే. మూడేళ్లకోసారి ఏదో ఒక దేశంలో కలుస్తారు. ఏసీ హాల్లో కూర్చుని, సీసా నీళ్లు తాగుతూ, చెరువుల గురించి బాధపడతారు. పోయిన మే నెలలో ఆ బాధ కొంపల్లికి వచ్చింది. దానివల్ల నాకు మెడలో వేసుకునే కార్డు ఒకటి, జనపనార సంచీ ఒకటి దక్కాయి. జంగమ్మకు ఏం దక్కిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

జంగమ్మది లాల్‌గడి మలక్‌పేట్ అవతలి జిల్లేళ్ల కుంట. కుంట ఆమె సొంతం కాదు, ఊరి మత్స్య సహకార సంఘానిది. కాని సంఘంలోని మగవాళ్లు ఒక్కొక్కరే వాచ్‌మన్లుగా, ప్లాట్ల దళారులుగా మారిపోయాక, కుంటను అంటిపెట్టుకుని ఉన్నది ఆమె ఒక్కతే. పదహారేళ్ల కిందట భర్త బాలేష్ కామెర్లతో పోయాడు. ఆడది తెప్ప ఎక్కితే చేప పడదన్నారు పెద్దమనుషులు. దినాలు కాగానే ఆమె థర్మాకోల్ తెప్ప ఎక్కి వల వేసింది. మొదటి రోజే గంప నిండింది. ఆ పెద్దమనుషులే సాయంత్రం సిగ్గు లేకుండా పులుసు తిన్నారు.

ఆమెకు అక్షరం ముక్క రాదు. రోజూ పొద్దు పొడవకముందే గట్టు మీద కూర్చుని కుంటను చూస్తుంది. నత్తలు రాళ్లెక్కినా, చిన్న రొయ్యలు ఒడ్డున గుంపు కట్టినా, బొచ్చె చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచినా నీళ్లలో ఊపిరి తగ్గినట్టు. కొత్త విల్లాల మురుగు మోరీని కుంటలోకి తిప్పిన ఈ రెండేళ్లలో అది మరీ ఎక్కువైంది. మోరీ మూయించమని మండల ఆఫీసు చుట్టూ ఏడుసార్లు తిరిగింది. ఎనిమిదోసారి అక్కడి అధికారి, "పెద్ద పెద్ద సైంటిస్టులు వస్తున్నరమ్మా. నీళ్లు బాగలేవని ఆళ్లొక్క ముక్క రాసిస్తే బంద్ చేయిస్త" అన్నాడు.

మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, ఇంకా పదిహేను రోజులున్నాయి. మిరుగం నాడు చేప తినని ఇల్లు మా వైపు ఉండదు. ఏడాదంతా ఆమె ఎదురు చూసేది ఆ ఒక్క రోజు కోసమే. అప్పటిదాకా చేపలు బతకాలంటే ఆ ఒక్క ముక్క కావాలి.

మహాసభకొచ్చిన సైంటిస్టులు కుంట చూడటానికి వచ్చే సమయం ఉదయం ఐదున్నర అని కార్యక్రమంలో అచ్చు వేశారు. కాని రిసార్టులో టిఫిను ఎనిమిదికి గాని పెట్టరు. దోసెలయ్యాయి, ఆమ్లెట్లయ్యాయి, గ్రూపు ఫోటో అయింది. రెండు ఏసీ బస్సులు గట్టు దగ్గర ఆగేసరికి పదకొండు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే. ముందుగా దిగింది ఆ శాస్త్ర సంఘానికి మన దేశంలో అధ్యక్షుడైన, తెలుగు రాని డాక్టర్ జనార్ధన్. బూట్లకు బురద అంటుతుందని గట్టు దిగలేదు. పైనుంచే వైరు వదిలి నీళ్లలో మిషను ముంచారు. ఆక్సిజన్ అంకె బాగా ఎక్కువుండటం చూసి అందరూ చప్పట్లు కొట్టారు.

ఎందుకుండదు? పచ్చగా పాచి పట్టిన నీళ్లు ఎండలో ఆక్సిజన్ తయారుచేస్తాయి. రాత్రయితే ఆ పాచే దాన్ని మింగేస్తుంది. తెల్లవారేసరికి చేపకు మిగిలేది శూన్యం. మేడ్చల్ డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్‌గా సెకండియర్ పిల్లలకు ఏటా నేను చెప్పే పాఠమే ఇది. ఆ బస్సుల్లో దిగిన ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసే దోసెలు తిన్నారు.

ఆ రోజు నాది దుబాసీ పని. జంగమ్మ నేరుగా నా దగ్గరికొచ్చింది.

"గీ యాల్ల సూస్తె ఏం దెలుస్తది సారూ? ఎండకు నీళ్లు మంచిగనే ఉంటయ్. పొద్దు పొడవకముందు రమ్మను. శాపలు నోళ్లు దెరిసి కొట్టుకుంటాంటయ్, అప్పుడు ముంచమను గా మిషిను. కడుపులు నింపుకొనొచ్చి కుంట మంచిగున్నదంటె ఎట్ల?"

"ఏమంటోంది?" అన్నాడు జనార్ధన్, నా వైపు చూసి. వచ్చే మహాసభకు విదేశం వెళ్లేవాళ్ల జాబితా రాసేది ఆయనే.

నేను ఇంగ్లీషులో చెప్పాను: "మీరు రావడం తమ అదృష్టమంటోంది. తెల్లవారుజామున కుంట ఇంకా అందంగా ఉంటుందట."

మళ్లీ చప్పట్లు. ఒక విదేశీ ఆవిడ జంగమ్మను కావలించుకుని ఫోటో దిగింది.

"రాసుకున్నరా సారూ?" అని అడిగింది జంగమ్మ.

"రాసుకున్నరమ్మా."

ఆమె వాళ్లందరికీ రెండు చేతులెత్తి దండం పెట్టింది.

కుంట నీళ్లు భేషుగ్గా ఉన్నాయని శాస్త్ర సంఘం కాగితం రాసిచ్చింది. అధికారి దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. ఇంకెవరూ మోరీ జోలికి పోలేదు. ఎనిమిది రోజులకు, రెండు రోజులు వరుసగా ఎండ లేకుండా మబ్బు పట్టి, మూడో రోజు తెల్లవారేసరికి కుంటంతా చచ్చిన చేపలతో తెల్లగా తేలింది.

ఆ రోజు నేను వెళ్లింది జాలితో కాదు. మహాసభల ప్రత్యేక సంచికలో ఆమె ఫోటో పడింది, ఇచ్చి రమ్మని జనార్ధన్ పంపాడు. జంగమ్మ మోకాలి లోతు నీళ్లలో నిలబడి చచ్చిన చేపలను గంపకెత్తుతోంది. ఫోటో వైపు ఒక్కసారి చూసి, పక్కన రాయి మీద పెట్టింది.

"నేను జెప్పింది ఆళ్లకు సెప్పిన్రా సారూ?"

"చెప్పిన."

"సెప్పినా రాలేదా! థూ, ఎందుకు సదివిన్రో ఏమో. ఆళ్ల సదువుల మన్నువడ." చేతులు కడుక్కుని, బకెట్ మీది గోనె తీసింది. లోపల కొర్రమట్ట ఒకటి కదులుతోంది. "ఇది పైకొచ్చి గాలి పీలుస్తది, అందుకే బతికింది. తీస్కపో సారూ. అంత మందిల నా మాట ఇన్నది నువ్వొక్కనివే."

గొర్రె కసాయివాణ్నే నమ్ముతుందని ఊరికే అనలేదు. జనపనార సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

ఆ పులుసుతో నాకు ముద్ద దిగలేదని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. దిగింది. రెండుసార్లు వడ్డించుకున్నాను.